పీరాంబీ గోడమన్ను

పొద్దున్నే కలుపుకి పోయే ఆడవాళ్ళు తమ చంటిపిల్లల్ని పీరాంబీ పంచలో దించి పోవడం ఆ ఊళ్ళో ఎన్నేళ్ళుగానో నడుస్తున్న ఏర్పాటు. బిడ్డతో పాటు ఓ చీరపేలిక, ఇంట్లో ఉంటే గుప్పెడు మిరపకాయలో సోలెడు జొన్నలో అక్కడ పెట్టి, "పీరాంబమ్మా, పోయొస్తన్నా" అని ఓ కేక వేసి, కొంగు బిగించి నడిచేవాళ్ళు. పొద్దుగుంకేవేళకి చేల నుంచి వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, కడుపు నిండి నిద్రపోతున్న బిడ్డని భుజాన వేసుకుని ఇంటికి పోయేవాళ్ళు. మామూలు రోజుల్లో ముగ్గురో నలుగురో ఉండేవాళ్ళు. మిరప కోతలప్పుడైతే ఏడెనిమిది మంది చేరి పంచంతా నిండిపోయేది.

మాచవరానికి రెండు కోసుల అవతల, నాపరాళ్ళ గుట్టల మధ్య ఉండే ఊరది. పీరాంబీ దూదేకుల ఇంటి మనిషి. మొగుడు అలీ సాహెబ్ భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకీ దిండ్లకీ దూది ఏకేవాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, రజియా. ఆ రజియా పుట్టినప్పుడు పడ్డ పాలు పీరాంబీకి మళ్ళీ ఆరలేదు. రజియా పాలు మానింది, పరిగెత్తడం నేర్చింది, పెద్దమనిషైంది, నూర్ మొహమ్మద్ అనే కుర్రాణ్ణి ఇల్లరికం తెచ్చి పెళ్ళి కూడా చేశారు. పాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. వినపడేంత దూరంలో ఏ పసిబిడ్డ గుక్కపట్టినా పీరాంబీ రవికె తడిసిపోయేది. తల్లి పోయిన బిడ్డ, తల్లికి పాలు చాలని బిడ్డ, కవలల్లో బక్కది, అందరికీ ఆ ఒడే దిక్కు. ఊళ్ళో దీనికి వింతపడినవాడు లేడు. ఫలానా బావిలో నీళ్ళు తియ్యగా ఉంటాయని చెప్పుకున్నట్టే పీరాంబీకి పాలుంటాయని చెప్పుకునేవాళ్ళు.

చిక్కల్లా పెళ్ళిళ్ళ దగ్గరొచ్చేది. ఒకే తల్లి పాలు తాగిన ఆడపిల్లకీ మగపిల్లాడికీ నిఖా పనికిరాదని సాయిబుల్లో కట్టడి. మిగతా కులాల వాళ్ళకి ఆ పట్టింపు లేదు గానీ, ఎందుకైనా మంచిదని సంబంధం అనుకోగానే వాళ్ళు కూడా వచ్చి పంచలో కూర్చునేవాళ్ళు. పీరాంబీ కాసేపు కళ్ళు చికిలించి ఆలోచించి, మీవాడు తాగాడు, ఆ పిల్ల తాగలేదు, చేసుకోండి అని తేల్చేసేది. ఎవరు ఎన్ని నెలలు తాగారో, ఎవరు కొరికేవాళ్ళో కూడా చెప్పి నవ్వించేది. అందరికంటే ముందు తాగిన పరాయిబిడ్డ కృపామణి. కిరస్తానీ పాలేరు చిన్నప్ప కూతురు. పుట్టిన రోజే తల్లి పోతే, చిన్నప్ప ఆ గుడ్డుని తువ్వాల్లో చుట్టి తెచ్చి పీరాంబీ ఒళ్ళో పెట్టాడు. రజియాతో కలిసి మూడేళ్ళు తాగింది.

పీరాంబీకి ఒక్క పాడలవాటు ఉండేది. మన్ను తినేది. కడుపుతో ఉన్న ఆడదానికి మన్ను మీదికి మనసు పోవడం, చాటుగా నోట్లో వేసుకోవడం పల్లెల్లో కొత్తేం కాదు. కాన్పయి పాలు మానేసరికి ఆ పిచ్చి దానంతటదే పోయిద్ది. పీరాంబీకి పాలు పోలేదు గనక ఆ మనసూ పోలేదు. తలుపు వెనక మట్టిగోడలో, కూర్చుంటే చేతికందే ఎత్తులో, బొటనవేలితో పెళ్ళగించిన గుంతలు వరసగా ఉండేవి. నీళ్ళకుండ చెమ్మ తగిలి ఆ మన్ను కమ్మటి వాసనేసేది. ఎర్రమన్ను, కాస్త చవుడు, జొన్నచొప్ప కలిపి అలీ సాహెబే తొక్కి పెట్టిన గోడ అది. ఏడాదికోసారి రంజాను ముందు, రాలిన పాత మన్నే పోగుచేసి, తడిపి, ఆ గుంతలు పూడ్చేది పీరాంబీ. పాతమన్నుకున్న రుచి కొత్తమన్నుకి రాదని దాని నమ్మకం. పాలు పడని బాలింతలు కూడా వచ్చి చిన్న పెళ్ళ అడిగి తీసుకుపోయేవాళ్ళు. ఆ గోడమన్నులోనే ఆ పాలున్నాయని వాళ్ళ లెక్క.

యాభై మూడులో అలీ సాహెబ్ చలిజ్వరంతో పోయాడు. ఆ ఏడు ఊళ్ళో చలిజ్వరం పట్టని ఇల్లు లేదు. ఆరు దుప్పట్లు కప్పినా మంచం కాళ్ళు టకటకలాడేట్టు వణికి వణికి పోయాడు మహానుభావుడు. మరుసటేడు మలేరియా వాళ్ళు వచ్చారు. వీపున డబ్బాలు, చేతిలో పంపులు, వాళ్ళ మీద గోపాలరావనే ఇన్‌స్పెక్టర్. ఇల్లిల్లూ తిరిగి గోడలకి తెల్లటి మందు కొట్టించి, తలుపు చట్రం మీద తారీఖు రాయించి, ఆర్నెల్ల దాకా గోడ అలకొద్దని గట్టిగా చెప్పి పోయేవాడు. మంచివాడే పాపం. చెప్పింది మనస్ఫూర్తిగా చెప్పాడు.

ఊళ్ళో ఆడవాళ్ళు వింటారా? గోడంతా చారలు చారలుగా తెల్లబడి, ముక్కు బద్దలయ్యే వాసన. మలేరియా బండి ఊరు దాటడం ఆలస్యం, పేడా ఎర్రమన్నూ కలిపి గోడల్ని శుభ్రంగా అలికేసుకున్నారు. మాట విన్నది పీరాంబీ ఒక్కతే. మొగుడు పోయిన తీరు కళ్ళముందే ఉంది. పైగా పంచనిండా పరాయి పిల్లలు, ఒక్క దోమ కుట్టినా ఎవరికి జవాబు చెప్పుకోవాలి? తారీఖు చెరగకుండా, గోడ మీద చెయ్యి కూడా తగలనియ్యకుండా చూసుకుంది, తలుపు వెనక ఆ ఒక్క మూల తప్ప. గోపాలరావు రెండోసారి వచ్చినప్పుడు ఆ గోడ చూసి సంబరపడి, ఊరి ఆడవాళ్ళందర్నీ పిలిచి, ఇల్లంటే ఇట్టా ఉండాలని చూపించాడు. పసిపిల్లలుండే ఇల్లని ఒక పూత ఎక్కువే కొట్టించాడు. అప్పట్నుంచి ఏటా రెండుసార్లు ఆ ఇంటికి రెండేసి పూతలు. ఏటా పాతమన్ను తడిపి గుంతలు పూడ్చడమూ మానలేదు పీరాంబీ.

చలిజ్వరాలు తగ్గిన మాట నిజం, అది కాదనకూడదు. ఆ రోజుల్లో పీరాంబీ పిల్లల మీద ఈగ వాలేది కాదు. ఊళ్ళో మిగతా పసివాళ్ళ కళ్ళ చుట్టూ, మూతి చుట్టూ ఈగలు ముసురుతుంటే, పీరాంబీ పాలు తాగే పిల్లలు తేటగా, శుభ్రంగా పడుకునేవాళ్ళు. తల్లులు అది చూసి మురిసిపోయారు. ఈగ వాలని బిడ్డ అని పక్కూళ్ళ చుట్టాలకి చెప్పుకున్నారు. పీరాంబీ కూడా మురిసిపోయింది, ఎందుకు అబద్ధం.

తర్వాత పిల్లలు పోవడం మొదలైంది. నాలుగో నెలలోనో ఆరో నెలలోనో ఉన్నట్టుండి చేతులు వణికేవి, కళ్ళు పైకి తేలేసేవాళ్ళు, ఒళ్ళు కొయ్యబారిపోయేది. బాలపాపచిన్నెలన్నారు. చెవి వెనక వాతలు పెట్టారు, మెళ్ళో తాయెత్తులు కట్టారు. వెంకటరమణమ్మ అనే పెద్ద రైతు ఇంటావిడ మనవడు అట్టాగే పోయాడు. రజియాకి యాభై ఏడులో తొలిచూలు కొడుకు పుట్టాడు. తల్లికున్న పాలు కూతురికి రాలేదు, రజియా రొమ్ము ఎండుకొమ్మే. పీరాంబీ మనవడికి కడుపారా పాలిచ్చింది. ఐదో నెలలో వాడూ పోయాడు. ఏడేళ్ళలో ఆ పంచలో పెరిగిన వాళ్ళల్లో ఆరుగురు పోయారు. ఆ కాలంలో పసిపిల్లలు పోని ఇల్లేది? ఐదు వేరువేరు ఇళ్ళల్లో ఆరు వేరువేరు ఏడుపులు. అవన్నీ ఒక్కచోట కలిపి చూసినవాళ్ళు లేరు.

చంటితల్లులకి ఇంకో పద్ధతి ఉంది. రొమ్ము సలిపి పాలు ఎక్కువైనప్పుడు వాటిని నేలమీద పిండకూడదు, ఎవరైనా తొక్కితే ఎండిపోతాయని భయం. గోడకి పిండుతారు. పీరాంబీ కూడా తలుపు పక్క గోడకి పిండేది. ఏళ్ళ తరబడి ఆ పాలచార కోసం నల్లచీమలు బారు కట్టేవి. అరవైలో, రజియా రెండో కొడుకు ఒళ్ళో ఉండగా, ఓ పొద్దున ఆ గోడ కింద చీమలు కుప్పగా చచ్చి పడి ఉన్నాయి. చేట తెచ్చి ఎత్తింది. మర్నాడు మళ్ళీ అంతే. గోడకి కొట్టింది పురుగులమందే గదా, చీమలు చావకేం చేస్తాయి అనుకుంది. అనుకుంది గానీ, చేతిలో చేట కాసేపు అట్టాగే నిలిచిపోయింది. తర్వాత ఊడ్చేసి, ఏడుస్తున్న మనవణ్ణి ఒళ్ళోకి తీసుకుంది.

వాడు ఆరో నెల పదో రోజున పోయాడు. రజియా ఈసారి ఏడవలేదు. మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకుని, నాలుగో రోజు లేచి జొన్నలు విసిరింది. పీరాంబీకి ఆ తిరగలి చప్పుడు వింటూ కూర్చోవడం చేతకాలేదు. ఓ మోదుగాకు దొప్ప తీసుకుని ఊరి బయట రాళ్ళగుట్ట దాకా పోయింది. అక్కడ గోడ లేదు, మందు లేదు. దొప్పలో నాలుగు చుక్కలు పిండి చీమల పుట్ట పక్కన పెట్టి, ఎండలో గొంతుక్కూర్చుంది. చీమలు వచ్చాయి. దొప్ప అంచు దిగి తాగాయి. కాసేపటికి తిరిగి పోబోయినవి తిన్నగా నడవలేక గిరగిరా తిరిగి, కాళ్ళు పైకెత్తి వణికాయి. ఆ వణుకు పీరాంబీకి తెలుసు. తన ఒళ్ళో రెండుసార్లు చూసింది. అక్కడే కొంగు నోట్లో కుక్కుకుని, కుమిలి కుమిలి ఏడ్చింది.

ఆ ఏడు గోపాలరావు వచ్చినప్పుడు మంచినీళ్ళిచ్చి, మంచం వాల్చి, నిదానంగా అడిగింది. ఈ మందు గోడ మీద ఎన్నాళ్ళుంటది బాబుగారూ అని.

"దీని గొప్పంతా అదేగదమ్మా" అన్నాడాయన. "ఎండకి పోదు, వానకి పోదు. నీళ్ళల్లో వేసినా కరగదు. ఆర్నెల్లని మేం మాటవరసకి చెప్తాం గానీ మట్టిలో ఇంకిందంటే ఏళ్ళ తరబడి ఉంటుంది."

"మరి దేంట్లోనూ కరగదా?"

"నూనెలో కరుగుతుంది. నెయ్యి, వెన్న, కొవ్వు, అలాంటి వాటిల్లో ఇట్టే కరుగుతుంది."

"మనిషి కడుపులోకి పోతేనో?"

"ఎవరు తింటారమ్మా గోడల్ని?" అని గోపాలరావు నవ్వాడు. పీరాంబీ గోళ్ళకింద ఇంకా ఎర్రమన్ను ఉంది. చేతులు కొంగులో దాచుకుని, ఈ ఏడు మా గోడకి కొట్టొద్దు బాబుగారూ అంది. ఇన్నాళ్ళూ ఊరికి చూపించిన ఇల్లు ఇట్టా మాట్లాడేసరికి ఆయన నొచ్చుకున్నాడు. పెద్దమ్మకి వయసు మీద పడుతుందని కూడా వచ్చినవాళ్ళతో చెప్పి పక్కింటికి పోయాడు.

ఆ రోజే మన్ను మానేసింది. మానడమంటే మాటలు కాదు. ఇరవై ఆరేళ్ళ అలవాటు. తెలియకుండా చెయ్యి గోడ మీదికి పోయేది. మంచం తీసుకుపోయి పంచలో వేసుకుంది. నాలుక పీకినప్పుడల్లా పచ్చి చింతకాయ నమిలేది. ఊళ్ళో పిల్లల్ని తీసుకోవడమూ మానేసింది. ఓసారి జ్వరమంది, ఓసారి రొమ్ము మీద సెగ్గడ్డ లేచిందంది. కొందరు నమ్మారు, కొందరు ఈవిడకి పొగరెక్కిందనుకున్నారు. పిల్లలు వేరే పంచల్లో ఏడుస్తుంటే ఇక్కడ దీని రవికె తడుస్తూనే ఉండేది. శుక్రవారం శుక్రవారం దొప్ప తీసుకుని గుట్టకి పోయేది. నెల దాటింది, చీమలు చచ్చాయి. ఆర్నెల్లు దాటాయి, చచ్చాయి. ఏడాది తిరిగొచ్చింది. ఒంట్లో కొవ్వంతా కరిగి ఎముకలు తేలినా, అప్పుడూ చచ్చాయి.

ఈలోగా రజియాకి మళ్ళీ నెల తప్పింది. అప్పట్నుంచి పీరాంబీకి ఒక్కటే ధ్యాస, ఈ బిడ్డ భూమ్మీద పడేలోపు తన పాలు బాగుపడాలి. లేకపోతే నోరు విప్పి చెప్పాలి. చెప్తే కూతురు ఇంక మొహం చూడదు. ఇట్టా పగలంతా తనలో తాను కొట్టుకులాడేది. అరవై రెండు వేసవిలో, ఎనిమిదో నెలలోనే రజియాకి నొప్పులొచ్చి ఆడపిల్ల పుట్టింది. షంషాద్ అని పేరు పెట్టారు. పిడికెడు పిల్ల. రజియాకి ఎప్పట్లాగే పాలు లేవు. కరువు ఏడు, గడ్డి లేక గొడ్లని సత్తెనపల్లి సంతకి తోలేశారు, ఊళ్ళో ఉన్న రెండు మేకలూ ఒట్టిపోయాయి, బాలింతలకి సొంత బిడ్డలకే పాలు చాలడం లేదు. పటికబెల్లం నీళ్ళు గుడ్డతో పిండుతుంటే సగం కక్కేస్తోంది పిల్ల. డబ్బాపాలు తెస్తానని నూర్ మొహమ్మద్ నర్సరావుపేట బస్సెక్కాడు. అతనికి అర్థం కాలేదు, ఇంట్లో అత్త ఉండగా డబ్బాపాలేందని.

మూడో రోజు మధ్యాహ్నానికి షంషాద్ ఏడుపు సన్నబడింది. తోడుగా కృపామణి వచ్చి కూర్చుంది. పెళ్ళై సత్తెనపల్లి పోయిన కృపామణి తిరిగొచ్చి ఏడాదైంది. ఆరేళ్ళయినా కడుపు పండలేదని అత్తగారు దెప్పి దెప్పి, చివరికి మొగుడు జోసెఫే, కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండు అని దించిపోయాడు. చర్చి పక్కన నాపరాళ్ళ గదిలో ఉంటూ మిషను బడిలో అక్షరాలు చెప్పేది. పిల్లలమాట వస్తే లేచి పోయేది. ఆ రోజు మాత్రం పోకుండా గుడ్డలు తడిపి ఇస్తూ కూర్చుంది.

రజియా మంచం మీంచి లేచి, బిడ్డని తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది.

"నీకేం జబ్బో నాకు తెలవదు. జబ్బైనా ఏదైనా సరే, దీనికి పాలియ్యి" అంది.

పీరాంబీ రవికె అప్పటికే నడుం దాకా తడిసింది. బిడ్డ నోరు తెరిచి ఆ తడివైపు తల తిప్పింది. పీరాంబీ బిడ్డని ఎత్తి రజియాకి తిరిగిచ్చేసింది.

"నేనియ్యను. నా పాలల్లో మందుంది రజియా. గోడకి కొట్టిన మందు. మన్ను తిని తిని నేను దాన్ని ఒంటికి ఎక్కించుకున్నా. నీ ఇద్దరు కొడుకుల్నీ నా పాలే చంపినయ్."

బిడ్డ ఒక్కటే సన్నగా మూలుగుతోంది. నీకు ఎప్పట్నుంచి తెలుసని అడిగింది రజియా. రెండోవాడు పోయినాక పరీక్ష చేసి చూశానంది పీరాంబీ. అక్కడ ఆపితే సరిపోయేది. రజియా మాట కూడా రెట్టించలేదు. కానీ ఆ మనిషి మిగిలిన ముక్క కూడా చెప్పేసింది.

"వాడు ఒళ్ళో ఉండగానే గోడకింద చీమలు చావడం చూశా. అనుమానమొచ్చింది. ఊడ్చేసి మళ్ళీ వాడికి పాలిచ్చా."

ఆ ఇంట్లో ఆ క్షణాన ఏం జరిగేదో గానీ, షంషాద్ ఉన్న కాస్త బలంతో గుక్కపట్టింది. కృపామణి చటుక్కున రెండు చేతులూ గుండెలకి అడ్డం పెట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి తెల్లగా కారి చీర తడిసింది. ముగ్గురు ఆడవాళ్ళూ దాని వంక చూశారు. ఇదేందని అడిగినవాళ్ళు లేరు. పీరాంబీ మాత్రం మంచంపట్టె పట్టుకుని లేచి, కృపామణి దగ్గరికంటా పోయి, నువ్వు మన్ను తింటావా అని అడిగింది.

"లేదమ్మా. చిన్నప్పుడు బలపాలు తినేదాన్ని, అంతే" అంది కృపామణి.

రజియా బిడ్డని తీసుకుపోయి కృపామణి ఒళ్ళో పెట్టింది. బిడ్డ రొమ్ము అందుకుని గుటకలు వేసింది. ఆ గుటకల చప్పుడు వింటూ రజియా తల్లివైపు తిరగకుండానే చెప్పింది, ఇది ఏడిస్తే వినపడే చోట నువ్వు ఉండొద్దని. పీరాంబీ సరేనంది. సాయంత్రం డబ్బాపాలతో వచ్చిన నూర్ మొహమ్మద్ ఆ డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు.

కృపామణి బతుకు ఆ రోజుతో వేరే దారి పట్టింది. ఊళ్ళో తల్లులు మర్నాటి నుంచే బిడ్డల్ని చర్చి పక్కన రాతిగదిలో దించడం మొదలుపెట్టారు. ఏడాది తర్వాత జోసెఫ్ తీసుకుపోతానని వచ్చాడు. ఇద్దరు పిల్లల్ని చెరో పక్కన పెట్టుకుని కూర్చున్న పెళ్ళాన్ని చూసి, గడప దగ్గరే ఆగిపోయాడు. ఇన్నాళ్ళకి వచ్చావా, ఇప్పుడు నాకు తీరిక లేదు అంది కృపామణి. అతను సాయంత్రం బస్సుకి తిరిగిపోయాడు.

పీరాంబీ ఊరు విడిచే ముందు బిడ్డలు పోయిన మిగతా నాలుగు గడపలకీ పోయింది. చెప్పాల్సింది చెప్పింది. ఒకావిడ చీపురు తిరగేసి కొట్టింది. ఇద్దరు నమ్మలేదు, మొగుడూ మనవలూ పోయి మతి చలించిందనుకున్నారు. వెంకటరమణమ్మ ఒక్కతే చివరి దాకా విని, లేచి తలుపు దగ్గరికేసి వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"మా కోడలు దేవుడు తీసుకుపోయాడని కుదుటపడింది. అట్టాగే అనుకోనియ్యి. ఇంకెప్పుడూ ఈ మాట ఈ ఊళ్ళో అనబాక."

అంచేత ఊరికి ఆ సంగతి తెలియనే లేదు. ఆ తెలియకపోవడమే పీరాంబీకి కొత్త కష్టమై కూర్చుంది. నూర్ మొహమ్మద్ ఆ మట్టిగోడ పడగొట్టి నాపరాళ్ళు పేర్చాడు. పడ్డ మన్ను వాకిట్లో కుప్పైంది. పాతగోడల మన్నంటే చేలకి మంచి సత్తువ. మిరప నారుమళ్ళకని ఇద్దరు రైతులు బండ్లు కట్టుకుని వచ్చారు. బాలింతలు తట్టలు తెచ్చుకున్నారు, ఇన్నాళ్ళూ పెళ్ళలు పెళ్ళలుగా ఇచ్చిన మన్ను ఇప్పుడు కుప్పగా దొరికిందని. పీరాంబీ ఆ కుప్ప మీద రెండు చేతులూ చాచి పడుకుంది. తిట్టారు, బతిమాలారు, ఇంత మన్నుకి కూడా ఆశపడుతుందని ఊసి పోయారు. పీరాంబీ లేచి, ఆ మన్ను తట్టకెత్తి, ఊరికి మైలు దూరంలో పాడుబడ్డ రాతిగనిలోకి మొయ్యడం మొదలుపెట్టింది. అడుగంతా ఒకటే బండ, చుక్క నీరు కిందికి దిగని చోటు చూసుకుంది. రోజుకి పది తట్టలు, పదహారు రోజులు. తర్వాత పైన నాపరాళ్ళు కప్పి, పక్కనే నాలుగు రాళ్ళు నిలబెట్టుకుని అక్కడే ఉండిపోయింది.

ఆ గని దగ్గరికి ఊళ్ళో పిల్లల ఏడుపు వినపడదు. కృపామణి వారానికోసారి జొన్నలూ కారం తెచ్చి రాయి మీద పెట్టి, షంషాద్ కబుర్లు చెప్పి పోయేది. పాకుతోంది, నడుస్తోంది, పళ్ళొచ్చినయ్, నన్ను కొరుకుతోంది అని. సాగర్ కాలవ తవ్వకాలకి వచ్చిన వడ్డెర్లు కట్టకి మన్ను కావాలని ఓసారి ఆ రాళ్ళు కదపబోతే, పీరాంబీ కర్ర తీసుకుని ముగ్గురు మగాళ్ళకి అడ్డం నిలబడింది. వాళ్ళు నవ్వి, పిచ్చిదాన్ని కదిలించడం ఎందుకని పోయారు.

అరవై ఎనిమిది ఎండాకాలంలో పీరాంబీ మంచం పట్టింది. మంచం కూడా కాదు, రాతి మీద పరిచిన బొంత. కృపామణి పోయి రజియాకి చెప్పింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఆరేళ్ళ షంషాద్ చెయ్యి పట్టుకుని గని దగ్గరికి వచ్చింది. దిగుడులో రాయి జారి పిల్ల మోకాలు చెక్కుకుపోయి, పెద్దగా ఏడ్చింది.

బొంత మీద పీరాంబీ రవికె తడిసింది. యాభై రెండేళ్ళ మనిషి, బుగ్గలు లోపలికి పోయి, ఒళ్ళంతా కట్టెపుల్ల. పాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మన్ను మానేసి ఎనిమిదేళ్ళు. రజియా ఆ తడిని చూస్తూ నిలబడింది.

"ముందు దాన్ని దూరం పంపించు" అంది పీరాంబీ.

రజియా పిల్లని గని పైకి పంపి, అక్కడ ఆగి ఉన్న కృపామణి దగ్గరికి పొమ్మని చెప్పి, వచ్చి పక్కన కూర్చుంది. పీరాంబీ ఊపిరి అందుకుంటూ మెల్లగా చెప్పింది. ఖబరస్తాన్ మిట్ట మీద ఉంది, దాని కిందే ఊరి మంచినీళ్ళ బావి ఉంది, వానొస్తే మిట్ట మీది నీళ్ళన్నీ అటే దిగుతాయి. నా ఒంట్లో మందు ఇంకా ఉంది. మీ నాన్న పక్కన పడుకోవాలని ఎన్నాళ్ళో అనుకున్నా గానీ వద్దు.

"నన్ను ఇక్కడే, ఈ మన్నుతో పాటే పెట్టండి. పైన బండ కప్పండి. ముల్లా అడిగితే నేనే చెప్పానని చెప్పు."

"సరేనమ్మా" అంది రజియా.

ఆరేళ్ళలో తల్లిని అమ్మా అని పిలవడం అదే మొదలు. పీరాంబీ కళ్ళు మూసుకుంది. రజియా తల్లిని లేపి కూర్చోబెట్టి, తన భుజానికి ఆనించుకుని, తడిసిన రవికె విప్పి, ఒళ్ళు తుడిచి, తీగ మీద ఆరేసి ఉన్న పొడి రవికె తొడిగింది. చంటిబిడ్డకి తొడిగినట్టే ఒక్కో చెయ్యీ ఎత్తి తొడిగింది. తర్వాత ఆ తడిరవికెని, ఒళ్ళు తుడిచిన గుడ్డనీ చేతిలో పట్టుకుని లేచింది. వాటిని బావి దగ్గరికి తీసుకుపోలేదు. మన్నుకుప్ప మీది బండని రెండు చేతుల్తో పైకెత్తి, రెండింటినీ లోపల పెట్టి, బండని మళ్ళీ జాగ్రత్తగా దించింది.